లాభం పాదం

జూన్ 12

పప్పుల మిల్లు వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ అంగట్లో కాటా కింద ఎత్తుకు పనికొచ్చింది. ఇవాళ బయటికి లాగి దుమ్ము దులిపాను. ఎందుకంటే ఏం చెప్పను, రాత్రి అన్నం తిన్నాక చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి ఉండేది.

వాసవి పొద్దున రాయచోటికి బయల్దేరింది. గవర్నమెంటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ ఉద్యోగం. కర్నూలులో ఉన్న ప్రైవేటు కాలేజీలన్నిటికీ చాకిరీ చేసి చేసి, నలభై దాటాక వచ్చిన ఉద్యోగం. నేనేమీ అడ్డం చెప్పలేదు. ఆర్డరు కాగితం నా ముందు పెట్టి "ఏం చేయమంటారు?" అని అడిగితే "నీ ఇష్టం" అన్నాను. మర్నాడు మళ్లీ అడిగింది. మళ్లీ "నీ ఇష్టం" అన్నాను. ఈ బజారులో ఎంతమంది మొగుళ్లు ఆ మాట అంటారో చూపించమనండి.

మంచి ఘడియ చూసి మా అమ్మే పెరుగు, చక్కెర చేతిలో పెట్టింది. వాసవి "పోయొస్తా" అంది. నేను "ఊ" అన్నాను. గడప దాటి, మెట్లు దిగి, ఆటో దగ్గరికి పోయింది. పోయి ఎక్కలేదు. సంచి లోపల పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. అంగడి బోర్డు వైపు చూసింది. ఏదో మరిచిపోయిందని నాకు అర్థమైంది. పిలుపు నోటి దాకా వచ్చింది. మింగేశాను. గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలిస్తే పోయే పని చెడుతుంది. మా తాత, మా నాన్న ఎన్నడూ ఆ తప్పు చేయలేదు. అమ్మ నోరు తెరవబోతే ఆమెను కూడా కళ్లతోనే ఆపాను. ఆటోవాడు హారన్ కొట్టాడు, ఆమె ఎక్కింది, పోయింది.

మరిచిపోయిన వస్తువు ఏమిటా అని తర్వాత ఇల్లంతా వెతికాను. కళ్లజోడు కాదు, ఛార్జరు కాదు. ఏమీ కనిపించలేదు.

జూన్ 13

పాలు అలవాటు ప్రకారం అన్నే పోయించుకున్నాను. విరిగిపోయాయి.

జూన్ 22, ఆదివారం

రాలేదు. బస్సు ప్రయాణం ఎక్కువట. నిజమే కదా, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప, ఆ తర్వాత ఘాటు రోడ్డు, ఆ తర్వాత రాయచోటి. మైదుకూరులో ఆమె పుట్టిల్లు ఉంది. అక్కడిదాకా వచ్చి ఇక్కడికి రాకపోయిందని మాత్రం అనుకోను.

పక్క స్టీలు సామాన్ల అంగడి దేవేంద్రప్ప ఊరుకుంటాడా. "ఏమప్పా తేజేశ్వరూ, మా చెల్లెలు ఈ వారం గూడ రాలేదా?" అన్నాడు.

"వచ్చే ఆదివారం వస్తాది లే" అన్నాను.

మేం అంగట్లో 'లేదు' అనే మాట అనం. మిరియాలు అయిపోతే "రేపొస్తాయి" అంటాం. 'లేదు' అంటే లక్ష్మి వింటుందని నాన్న చెప్పేవాడు. అందుకే దేవేంద్రప్పకు అలా చెప్పాను, అంతకన్నా వేరే ఏమీ లేదు. చూడు, డైరీలో మాత్రం ఎంత తేలిగ్గా రాసేస్తున్నానో.

జూన్ 29

రాలేదు.

జులై 5

ఫోనులో మాట్లాడింది. అమ్మ మాత్రల గురించి అడిగింది. "తిన్నారా?" అంది, "తిన్నా" అన్నాను. "నువ్వు తిన్నావా?" అన్నాను, "తిన్నా" అంది. తిండి సంగతి అయిపోయింది. ఫోను పెట్టేముందు అంది: "నా పుస్తకాల బీరువా లారీలో వేసి పంపండి. ఈడ ఇల్లు చూసుకున్నా."

"ఆషాఢం కదా, సామాను కదిలించగూడదు. పోనీ ఈ నెల" అన్నాను.

"సరే" అంది.

ఆ బీరువా పెళ్లయిన కొత్తలో ఆమె మైదుకూరు నుంచి తెచ్చుకున్నది. ఆమె నాన్న స్కూలు మాస్టరు. నగల పెట్టెకన్నా ముందు దాన్ని దించిన పెళ్లికూతురని బజారంతా చెప్పుకున్నారు. అది పోతే ఈ ఇంట్లో ఆమె వస్తువని చెప్పడానికి ఏముంటుంది, వంటింట్లో ఒక మగ్గు తప్ప.

ఆషాఢానికి దండం పెట్టాలి.

జులై 9

దేవేంద్రప్ప కూతురు లక్ష్మీప్రియ డిగ్రీ చదువుతుంది. ఇవాళ కందిపప్పుకు వచ్చి, "అంకుల్, ఆంటీ పాఠం ఫోన్లో వస్తాంది, సూసినారా?" అంది. కాలేజీ వాళ్లు పాఠాలన్నీ రికార్డు చేసి పెడుతున్నారట. నా ఫోనులోనే తీసిచ్చి పోయింది.

మధ్యాహ్నం ఎండకు బజారులో కుక్క కూడా తిరగదు. షట్టరు సగం దించి చూశాను. వాసవి. చేతిలో చాక్‌పీసు. ఆకుపచ్చ చీర, నాకు తెలియని చీర. కొంచెం చిక్కింది. పాఠం ఏమిటో నాకు పట్టలేదు. గొంతు విన్నాను, అంతే. కాటా ముందు కూర్చుని పెళ్లాం గొంతు ఫోనులో వింటున్న నన్ను ఎవరైనా చూసి ఉంటే రేపటికి బజారంతా పాకేది.

జులై 10

ఇవాళ పాఠం విన్నాను. ఆమె గొంతు బాగుందో లేదో, జలుబు చేసిందేమో అని చూడడానికే పెట్టాను.

రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు కవిత. సానెట్ అంటారట. పద్నాలుగు పాదాలు. ఆమె ముందు ఇంగ్లీషులో చదివి, తర్వాత మన మాటల్లో చెప్పింది. ఒక పెద్దమనిషి, ఆయన తోటలో ఒక ఊట. మొదటి ఎనిమిది పాదాల్లో ఆయన గొప్ప చెప్పుకుంటాడు: చుట్టూ పాలరాయి కట్టించాను, ఇనుప గేటు పెట్టించాను, పశువు మూతి పెట్టలేదు, ఆకు కూడా పడనివ్వలేదు. తర్వాత ఆరు పాదాల్లో ఒక బాటసారి వస్తాడు. గేటు దగ్గర చాలాసేపు నిలబడతాడు. నా గోడ అందం చూస్తున్నాడు కాబోలు అనుకుంటాడు పెద్దమనిషి, మర్యాదగా మౌనంగా ఉండిపోతాడు. బాటసారి ఒకసారి వెనక్కి తిరిగి చూసి పోతాడు. అప్పుడాయన తానే గిన్నె ముంచితే అది రాతికి తగులుతుంది. చివరి పాదంలో అంటాడు, ఎంత ప్రశాంతం, నీళ్లు కూడా చప్పుడు చేయడం లేదు అని.

"మన పక్క పిల్లలకు ఇది వేరేగా చెప్పనక్కర్లేదు" అంది వాసవి. "నీళ్లు చేదకుండా వదిలేసిన బావి ఏమయితాదో మీకు తెలుసు."

తర్వాత బోర్డు మీద ఒక గీత గీసింది. "ఎనిమిది పాదాలు ఒక గది. ఆరు పాదాలు ఇంకొక గది. మధ్యలో గడప. తొమ్మిదో పాదం ఆ గడప మీద నిలబడతాది. అక్కడ కవిత మలుపు తిరగాల. ఈ కవితలో బాటసారి తిరిగి సూస్తాడు, పెద్దాయన మాత్రం తిరగడు. అందుకే రెండో గదిలో తడి మాట ఒక్కటీ ఉండదు. అంతా రాయి, ఇనుము, దుమ్ము. ఆఖర్లో మళ్లీ నీళ్లంటాడు, అప్పటికి నీళ్లు లేవు."

నేను ఫోను మీద వేలు పెట్టి పాదాలు లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు... సరిగ్గా పద్నాలుగు ఉన్నాయి.

మేం ఏది లెక్కపెట్టినా అంతే. మొదటి కొలతను 'ఒకటి' అనం, 'లాభం' అంటాం. కొత్త కోడలిగా వచ్చినప్పుడు వాసవి అంగట్లో నా పక్కన నిలబడి వేరుశనగ కొలవడం చూసి నవ్వింది. "మా నాన్న లెక్కల మాస్టరు. లాభం తర్వాత రెండు వచ్చే లెక్క మాత్రం ఆయన చెప్పలేదండీ" అంది. ఆ తర్వాత చాలా రోజులు నాకు దోసెలు వడ్డిస్తూ "లాభం, రెండు" అనేది. ఎప్పుడు మానేసిందో గుర్తు రావడం లేదు.

జులై 12

ఐరనీ అంటే ఏమిటో చెప్పింది ఇవాళ విన్న భాగంలో. "మా అత్తగారింట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటారు. అది తెలిసి అనే మాట, మర్యాద. ఈయనది అట్లా కాదు. తాను ఏం చెప్తున్నాడో తనకే తెలీదు. చెప్పేవానికి తెలియంది వినేవాళ్లకు తెలిసిపోతాంది సూడండి, ఆ కవితలో ఐరనీ అదే" అంది. పిల్లలు నవ్వారు.

అత్తగారింట్లో అంది. మా ఇంట్లో అనలేదు.

జులై 14

ఒక పని చేశాను. కింద సందేహాలు రాయడానికి చోటు ఉంది. బసవన్న, బి.ఏ. అని పేరు పెట్టుకుని రాశాను. నేను బి.కాం. అని ఆమెకు తెలుసు కాబట్టి బి.ఏ. అని పెట్టాను. అంత తెలివి ఉంది నాకు. రాసింది ఇది:

"మేడం గారికి నమస్కారం. లాభం పాదం నుంచి ఎనిమిదో పాదం దాకా ఆ పెద్దమనిషి తప్పు చేసినట్టు నాకు కనపడలేదు. ఊటను శుభ్రంగా కాపాడినాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆయన్ని చూసి ఎందుకు నవ్వాలి?"

జులై 16

జవాబు వచ్చింది! రాసింది మక్కీకి మక్కీ ఇది:

"బసవన్న గారూ, నవ్వాల్సిన పని లేదు. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కవిత ఇంత బాధ పెట్టదు. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు, నిజమే. దాహమా అని కూడా ఎవరినీ అడగలేదు."

నాకు కోపం వచ్చింది. ఒకరి దాహం ఇంకొకరికి ఎలా తెలుస్తుంది? బాటసారికి నోరు లేదా? నీళ్లు కావాలని అడగొచ్చు కదా? అదే రాశాను.

జులై 17

"అడిగే ఉంటాడండీ, రెండు సార్లు. కవి అది కవితకు బయటే వదిలేసినాడు."

ఇంతే జవాబు. కవి రాయనిది ఈమెకెలా తెలుసు? లెక్చరర్లు ఇంతే, లేనివి కల్పించి చెబుతారు. రెండు సార్లట.

జులై 18

రెండు సార్లు.

జులై 26

ఆషాఢం అయిపోయింది. ఫోను చేసింది. బీరువా మాట ఎత్తింది. లారీ దొరకలేదన్నాను. మా అంగడి ముందే రోజూ మూడు లారీలు ఆగుతాయి, ఆ సంగతి ఆమెకు తెలియదా.

"మీకు పంపడం ఇష్టం లేకపోతే చెప్పండి" అంది.

"నాదేముంది, నీ ఇష్టం" అన్నాను.

ఫోను కట్టయిందనుకుని చెవి దగ్గర నుంచి తీసి చూశాను. కాలేదు. తర్వాత "పంపేయండి" అంది.

ఆగస్టు 10

పాఠాలు వేరేవి కూడా వచ్చాయి. వ్యాకరణం, లేఖా రచన. నాకు సానెట్ ఒక్కటే చాలు. ఆమె "గడప" అనేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. మొదట గమనించలేదు.

ఆమె పడుకునే వైపు ఇంకా దిండు తీయలేదు. అమ్మ తీస్తానంటే కసురుకున్నాను. ఇలాంటివి రాయకూడదని డైరీ మొదలుపెట్టిన రోజే అనుకున్నాను. రాస్తున్నాను, ఏం చేయను. ఆమె కావాలి నాకు. అంగడి కట్టేసి మెట్లెక్కేటప్పుడు లోపల నుంచి "వచ్చినారా?" అనే ఆ ఒక్క మాట కోసం ఒళ్లంతా చెవులవుతుంది.

ఆగస్టు 20

చిన్న ఈరన్న వచ్చాడు. వాడి ట్రాన్స్‌పోర్టు బండి కడప దాకా పోతుంది, అక్కడి నుంచి రాయచోటికి మార్చి వేస్తాడట. వాసవే ఫోను చేసి మాట్లాడుకుందట. నన్ను దాటి పోయిందన్నమాట వ్యవహారం. "శనివారం ఎత్తుదామా సామీ?" అన్నాడు. శనివారం అమావాస్య అన్నాను. "ఆ తరువాత?" అన్నాడు. భాద్రపదం వస్తుందన్నాను. ఈరన్న నా మొహం వైపు చూసి, "సామీ, సెక్క బీరువాకు గూడ ఇన్ని ముహూర్తాలా?" అన్నాడు.

శనివారం కాదు, నెలాఖరుకు అన్నాను.

ఆగస్టు 21

మళ్లీ బసవన్ననయ్యాను. "మేడం గారూ, ఒకటే సందేహం. ఆ పెద్దమనిషి ఏం చేసి ఉండాల్సింది?" అని రాశాను.

ఆగస్టు 23

జవాబు:

"ఇది పరీక్షలో రాదు బసవన్న గారూ. అయినా చెప్తా. తొమ్మిదో పాదం ఇంకొకసారి చదవండి. బాటసారి గేటు దగ్గర చాలాసేపు నిలబడినాడు. గోడ చూడడానికి ఎవరూ అంతసేపు నిలబడరు."

ఆగస్టు 24

సంచి లోపల పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

ఈ డైరీ మొదటి పేజీ తీసి చదివాను. నేనే రాసుకున్నాను, నా చేత్తోనే. కుచ్చిళ్లు సర్దుకుందట. బోర్డు చూసిందట. ఏదో మరిచిపోయిందట! ఛార్జరు కోసం మంచం కింద దూరిన మహానుభావుణ్ణి నేను. ఆమె ఏమీ మరిచిపోలేదు. నేను పిలుస్తానేమోనని నిలబడింది. నేను ఆమె పని చెడకూడదని పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. ఆటోవాడు హారన్ కొట్టకపోతే ఇద్దరం ఇంకా అక్కడే ఉండేవాళ్లమేమో.

అమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"అమ్మా, వాసవి పోయిన పొద్దు నువ్వు నోరు తెరిచినావే, ఏం చెప్పబోయినావు?"

"ఏం చెప్తా, ఓ వాసవీ అని పిలుద్దామనుకున్నా. నువ్వే కండ్లు ఉరిమితివి."

"వెనక నుంచి పిలవగూడదని నాకు నేర్పిందే నువ్వు గదమ్మా."

"నేర్పినా లేరా. అంగడికి పోయేవాన్ని, కోర్టుకు పోయేవాన్ని పిలవగూడదు. ఇంట్లో ఆడబిడ్డ కండ్లనీళ్లు పెట్టుకొని నిలబడితే పిలవగూడదని యాడన్న సెప్తినా?"

కళ్లలో నీళ్లు ఉన్నాయట. మెట్ల మీద నుంచి నాకు కనిపించలేదు. అమ్మకు కనిపించాయి.

ఆగస్టు 29

ఈరన్న బండి తెచ్చాడు. వెనక్కి పంపాను. "బీరువా కదలదప్పా" అన్నాను. వాడు నవ్వుకుంటూ పోయాడు. రేపటికి దేవేంద్రప్పకు తెలుస్తుంది. తెలియనీ.

సెప్టెంబరు 1, రాయచోటి

పొద్దున్నే బస్సెక్కాను. అంగడి తలుపు తీయలేదు. సోమవారం పూట అంగడి మూత పడడం మా వంశంలో ఇదే మొదలు కాబోలు. గువ్వలచెరువు దగ్గర బస్సు ఆపితే పాలకోవా కట్టించుకున్నాను. రాయచోటి చేరేదాకా అది నా ఒళ్లో వెచ్చగా కరుగుతూనే ఉంది. ఏం మాట్లాడాలో కర్నూలు నుంచి కడప దాకా తయారు చేసుకున్నాను. కడప నుంచి ఇక్కడిదాకా అంతా మరిచిపోయాను.

కాలేజీకి పోయేసరికి మధ్యాహ్నం క్లాసు గంట కొడుతున్నారు. వరండా చివర వాసవి కనిపించింది. అదే ఆకుపచ్చ చీర. చేతిలో అటెండెన్సు పుస్తకం. నాకు వీపు పెట్టి క్లాసు వైపు నడుస్తోంది. ముందుకు పరుగెత్తి ఎదురుగా నిలబడొచ్చు, అప్పుడు ఏ దోషమూ ఉండదు. అది కూడా ఆలోచించాను, నా బుద్ధి అలాంటిది.

"వాసవీ!" అని అరిచాను. వరండాలో పిల్లలంతా తిరిగి చూశారు.

ఆమె ఆగింది. తిరగలేదు. అలాగే నిలబడి అంది: "పనికి పోతాండే మనిషిని వెనక నుంచి పిలిస్తే పని చెడతాది, తెలుసు గదా?"

"చెడనీ" అన్నాను.

అప్పుడు తిరిగింది. నేను దగ్గరికి పోయాను. నా చేతిలో కోవా పొట్లం చూసింది, నా చొక్కా మీద నెయ్యి మరక చూసింది. నవ్వలేదు.

"బీరువా తెచ్చినారా?"

"లేదు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత గట్టిగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. "తేలేదు. తేను. నువ్వు ఇంట్లో లేవు, నాకు ఏమీ బాగలేదు. ఉద్యోగం మానుకోమని చెప్పడానికి రాలేదు. నువ్వు చేయాల. ఒక వారం నువ్వు బస్సెక్కు, ఒక వారం నేనెక్కుతా. కానీ ఇల్లు మాత్రం అదే అనుకో. నా ఇష్టం ఇది. ఆ పొద్దు నువ్వు అడిగింది ఇదే గదా?"

ఆమె కళ్లు తుడుచుకోలేదు. పిల్లలు చూస్తున్నారు కాబట్టి అటెండెన్సు పుస్తకం తెరిచి ఏదో వెతుకుతున్నట్టు తల వంచింది. తర్వాత పుస్తకం మూసింది.

"క్లాసుకు టైమయింది. ఈ పొద్దు సానెట్ మళ్లీ చెప్తాండా, పరీక్షలొస్తాండాయి. రాండి, చివరి బెంచీలో కూర్చోండి" అని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి అంది, "బసవన్న గారూ."

చివరి బెంచీలో ఇద్దరు మగపిల్లలు జరిగి చోటిచ్చారు. కోవా పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాసవి బోర్డు నిండా పద్నాలుగు పాదాలూ రాసింది. రాయడం అయ్యాక చేతి దుమ్ము దులుపుకుని, మొదటి పాదం మీద చాక్‌పీసు ఆనించి, లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"లాభం" అంది.

పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆమె నవ్వకుండా రెండో పాదం మీదికి పోయింది.